ఈగల ప్రవర్తనలో జన్యువులను వెతికిన సీమోర్ బెంజర్: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ప్రాంతాల డిగ్రీ కళాశాలల్లో జంతుశాస్త్రం చదివే విద్యార్థులు, అప్పుడప్పుడు వారి తల్లిదండ్రులు, ప్రవర్తనా జన్యుశాస్త్రం గురించి, అంటే జీవుల ప్రవర్తనలో జన్యువుల పాత్రను వెతికే శాస్త్రం గురించి, అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. తరగతిలో ఈ విషయానికి దక్కే సమయం తక్కువ కాబట్టి, ఈ శాస్త్రానికి దారి వేసినవారిలో ముఖ్యుడైన సీమోర్ బెంజర్ పరిశోధనా జీవితాన్ని ఆధారంగా తీసుకొని కొంత విస్తారంగానే చెప్పాను.

సీమోర్ బెంజర్ ఎవరు?

ఆయన 1921 అక్టోబర్ 15న న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, పోలండ్ నుంచి వలస వచ్చిన ఒక యూదు కుటుంబంలో జన్మించారు; 2007 నవంబర్ 30న కాలిఫోర్నియాలోని పాసడీనాలో మరణించారు. మొదట భౌతికశాస్త్రంలో, తర్వాత వైరస్‌ల జన్యుశాస్త్రంలో, చివరి నలభై ఏళ్ళు ఈగల ప్రవర్తన మీద పనిచేశారు. ఒక్కో రంగంలో పేరు స్థిరపడ్డాక దాన్ని వదిలి, ఓనమాలు కూడా తెలియని మరో రంగంలోకి విద్యార్థిలా వెళ్ళడం ఆయన జీవితంలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

భౌతికశాస్త్రం చదివిన వ్యక్తి జీవశాస్త్రంలోకి ఎలా వచ్చారు?

పదమూడో ఏట కానుకగా అందిన మైక్రోస్కోపుతో ఆయనకు జీవుల మీద ఆసక్తి కలిగింది. అయినా బ్రూక్లిన్ కాలేజీలో భౌతికశాస్త్రమే చదివి, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో జెర్మేనియం అనే అర్ధవాహకం మీద పరిశోధన చేసి 1947లో డాక్టరేట్ పొందారు. ఆ బృందం చేసిన పని తర్వాతి కాలంలో ట్రాన్సిస్టర్ తయారీకి తోడ్పడింది. ఆ రోజుల్లోనే భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ జీవం గురించి రాసిన చిన్న పుస్తకం చదివి, జన్యువు అనేది ఒక అణువే అయితే దాన్ని భౌతికశాస్త్ర పద్ధతిలో పట్టుకోవచ్చునన్న ఆలోచనలో పడ్డారు. 1948లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో బాక్టీరియాను తినే వైరస్‌ల గురించి, అంటే ఫేజ్‌ల గురించి, వేసవి శిక్షణకు హాజరై, ఇక వెనక్కి తిరిగి చూడలేదు.

1950లలో టీ4 అనే ఫేజ్‌లోని ఒకే ఒక్క ప్రాంతం మీద వేలాది ఉత్పరివర్తనాలను, అంటే డీఎన్ఏలో వచ్చిన మార్పులను, సేకరించి, వాటిని జంటలు జంటలుగా కలిపి, ఎక్కడెక్కడ పునఃసంయోగం, అంటే డీఎన్ఏ ముక్కలు తెగి కొత్తగా అతుక్కోవడం, జరుగుతోందో లెక్కించారు. జన్యువంటే దండలో పూసలాగా విడదీయరాని ముద్ద అని అప్పటిదాకా చాలామంది భావించేవారు. జన్యువు లోపల కూడా తెగే చోట్లు, మారే చోట్లు వరుసగా ఉంటాయని ఆయన పటం గీసి చూపించారు. మీ పుస్తకంలో కనిపించే సిస్ట్రాన్ అన్న పదం, అంటే ఒక ప్రొటీను గొలుసు తయారీకి సూచన ఇచ్చే డీఎన్ఏ భాగం, ఆయన పెట్టినదే. పరీక్షలో ఆ పదానికి నిర్వచనం రాసేటప్పుడు, దాని వెనుక ఎన్ని వేల పెట్రీ పాత్రల లెక్కింపు ఉందో ఒక్కసారి గుర్తు చేసుకోమని నా విద్యార్థులకు చెబుతుంటాను.

అంత పేరు వచ్చిన పనిని వదిలి ప్రవర్తన వైపు ఎందుకు మళ్ళారు?

ఆయనే చెప్పిన కారణం ఇంటిలోనిది. ఒక్క బిడ్డ ఉన్నప్పుడు పిల్లలంటే ఇంతే అనుకుంటాం. రెండో బిడ్డ పుట్టాక, ఒకే ఇంట్లో పెరుగుతున్న ఇద్దరి స్వభావాలు మొదటి రోజు నుంచే వేరువేరుగా ఎందుకున్నాయన్న ప్రశ్న వస్తుంది. అప్పటికి ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. అదీగాక, ఫేజ్ జన్యుశాస్త్రంలోకి అప్పటికే చాలామంది వచ్చేశారు, అక్కడ ప్రధానమైన ప్రశ్నలకు జవాబులు దొరుకుతున్నాయి. 1965లో ఆయన కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి, అంటే కాల్‌టెక్‌కు, మెదడు పరిశోధకుడు రోజర్ స్పెర్రీ ప్రయోగశాలలో పనిచేయడానికి వెళ్ళి, 1967 నుంచి అక్కడే ఆచార్యుడిగా స్థిరపడ్డారు.

ఈగలనే ఎందుకు ఎంచుకున్నారు? మన బత్తాయి, మామిడి తోటల్లో కనిపించే పండు ఈగ ఇదేనా?

కాదు. ఈ తేడాను మన జిల్లాల విద్యార్థులు తప్పక తెలుసుకోవాలి. నల్లగొండ బత్తాయి రైతులు, కొల్లాపూర్ మామిడి రైతులు పండు ఈగ అని పిలిచేది బాక్ట్రోసెరా జాతికి చెందినది. అది దాదాపు ఇంటి ఈగంత ఉంటుంది, చెట్టు మీద ఉన్న కాయకే గాటు పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. మగ ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ ఎరలు వేలాడదీసేది దాని కోసమే. బెంజర్ వాడిన డ్రోసోఫిలా మెలనోగాస్టర్ దాదాపు మూడు మిల్లీమీటర్ల పొడవుండే సన్న ఈగ. బాగా ముగ్గిపోయిన అరటిపండు చుట్టూనో, మార్కెట్లో కుళ్ళిన బత్తాయి కుప్పల మీదనో ఎర్రని కళ్ళతో ముసిరేది ఇదే. ఇది పండును పాడు చేయడానికి కాక, అప్పటికే పులిసిన పండులోని ఈస్ట్ కోసం వస్తుంది.

గుడ్డు నుంచి పెద్ద ఈగ కావడానికి 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది రోజులు చాలు, ఒక సీసాలో వందల ఈగలు పెరుగుతాయి, క్రోమోజోములు నాలుగే జతలు. ఇవన్నీ ఈ ఈగలతోనే జన్యుశాస్త్రానికి పునాది వేసిన థామస్ హంట్ మోర్గన్ కాలం నుంచి తెలిసినవే. బెంజర్‌కు తోచిన కొత్త సంగతి ఏమిటంటే, బాక్టీరియాకూ మనిషికీ మధ్య ఎక్కడో ఉన్న ఈ జీవికి నిజమైన మెదడు ఉంది, అది వెలుగును వెతుకుతుంది, జత కోసం పాట పాడుతుంది, నిద్రపోతుంది, నేర్చుకుంటుంది. ఫేజ్‌లను లెక్కించినట్టే దీని ప్రవర్తనను కూడా లెక్కించగలిగితే చాలని ఆయన భావించారు.

ప్రవర్తనను లెక్కించడం ఎలా సాధ్యం?

1967లో ఆయన ప్రచురించిన పరిశోధనా పత్రం ఈ శాస్త్రానికి పునాది. పరికరం చాలా సాదాసీదాది: రెండు చట్రాల్లో వరుసగా బిగించిన పరీక్షనాళికలు, ఒకదాని మూతికి ఒకటి ఎదురుగా ఉంటాయి. మొదటి నాళికలో ఈగలను వేసి, చట్రాన్ని గట్టిగా తట్టి అన్నింటినీ అడుగుకు చేర్చి, వెంటనే పడుకోబెట్టి అవతలి చివర దీపం వెలిగిస్తారు. కొన్ని సెకన్లలో వెలుగు వైపు వెళ్ళినవి ఎదుటి నాళికలోకి చేరతాయి, వెళ్ళనివి ఉన్నచోటే ఉంటాయి. అప్పుడు పై చట్రాన్ని ఒక గడి జరిపి, మళ్ళీ తట్టి, మళ్ళీ అవకాశం ఇస్తారు. ఇలా అయిదారు సార్లు చేసేసరికి, ధాన్యాన్ని చాటలో పోసి పదే పదే చెరిగితే గింజ ఒకవైపు, తాలు ఒకవైపు చేరినట్టు, ఈగలు తాము ఎన్నిసార్లు వెలుగు వైపు వెళ్ళాయో ఆ లెక్క ప్రకారం వేర్వేరు నాళికల్లోకి విడిపోతాయి. ఒక్క ఈగ ఒకసారి ఏం చేసిందన్నది యాదృచ్ఛికం కావచ్చు. అన్నిసార్లూ వెనకబడిన ఈగ మాత్రం ఏదో చెబుతోందన్నమాట.

ఇక్కడ నాకు అత్యంత ఇష్టమైన విషయం ఒకటుంది. వెలుగు వైపు వెళ్ళని ఈగకు వెలుగంటే పట్టింపు లేదని ఆయన వెంటనే నిర్ణయించలేదు. దీపాన్ని ఈసారి ఇవతలి చివర పెట్టి, వెలుగుకు దూరంగా నడిచే అవకాశం కూడా ఇచ్చి చూశారు. రెండు దిక్కులకూ కదలని ఈగకు కాళ్ళలోనో కండరాల్లోనో లోపం ఉండవచ్చు. రెండు దిక్కులకూ సమానంగా పరుగెత్తే ఈగ చక్కగానే నడుస్తోంది కానీ వెలుగును గుర్తించడం లేదు. ఈ రెండింటినీ విడదీయకపోతే కుంటిదాన్ని గుడ్డిదనుకొనే ప్రమాదం ఉంది.

ఉత్పరివర్తనాలను పుట్టించడానికి మగ ఈగలకు డీఎన్ఏను మార్చే రసాయనం కలిపిన చక్కెర నీళ్ళు తాగించి, రెండు ఎక్స్ క్రోమోజోములు అతుక్కుని ఉన్న ప్రత్యేకమైన ఆడ ఈగలతో జత కట్టించేవారు. అటువంటి జంటలో తండ్రి ఎక్స్ క్రోమోజోము నేరుగా కొడుకులకే చేరుతుంది కాబట్టి, దానిలో వచ్చిన మార్పు మరుసటి తరంలోనే బయటపడుతుంది.

గడియారపు జన్యువు అంటే ఏమిటి?

డ్రోసోఫిలా ప్యూపా నుంచి, అంటే పురుగు ఈగగా మారే గూటి దశ నుంచి, రెక్కల ఈగ సాధారణంగా తెల్లవారే వేళల్లో బయటికి వస్తుంది. ఆ సమయంలో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి మెత్తని రెక్కలు ఎండిపోకుండా విచ్చుకుంటాయి. నిరంతరం చీకటిలో ఉంచినా ఈ లయ సుమారు 24 గంటలకొకసారి కొనసాగుతుంది. అంటే గడియారం లోపలే ఉంది. బెంజర్ విద్యార్థి రొనాల్డ్ కొనోప్కా, వేళ తప్పి బయటికి వచ్చే ఈగల కోసం వెతికి మూడు రకాలను కనిపెట్టారు. ఒకదాని రోజు 19 గంటలు, మరొకదానిది 28 గంటలు, మూడోదానికి లయే లేదు. ఈ మూడు మార్పులూ ఎక్స్ క్రోమోజోము మీద ఒకే చోట ఉన్నాయని 1971లో వారిద్దరూ ప్రకటించారు. ఆ జన్యువుకు పీరియడ్ అని పేరు పెట్టారు.

ఒకే జన్యువులో ఒక రకం మార్పు వస్తే గడియారం వేగంగా తిరగడం, మరో రకం మార్పుకు మెల్లగా తిరగడం, ఇంకో మార్పుకు ఆగిపోవడం అన్న ఫలితానికి ఎంత బలం ఉందో ఆలోచించండి. జీవికి ఏదో జబ్బు చేసి లయ తప్పిందని కొట్టిపారేయడానికి ఇక వీలులేదు. రోగిష్టి ఈగ 19 గంటలకొకసారి ఠంచనుగా వేళ పాటించదు.

1984లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్ ఒకచోట, మైకేల్ యంగ్ మరొకచోట ఆ జన్యువును వేరుచేశారు. అది తయారుచేసే ప్రొటీను రాత్రంతా పేరుకొని, కేంద్రకంలోకి వెళ్ళి తన సొంత జన్యువునే ఆపుతుందని, ఆ ప్రొటీను క్షీణించాక చక్రం మళ్ళీ మొదలవుతుందని తర్వాత తేలింది. రాత్రి ఏడున్నరకే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వచ్చే కొన్ని మానవ కుటుంబాలను పరిశీలించినప్పుడు, వాటిలో ఒక కుటుంబంలో ఇదే వర్గానికి చెందిన పీరియడ్-2 అనే జన్యువులో మార్పు ఉన్నట్టు 2001లో బయటపడింది.

ఈగలు నిజంగా నేర్చుకుంటాయా?

నేర్చుకుంటాయి. రెండు వాసనలు చూపించి, అందులో ఒకదానితోపాటు స్వల్పంగా విద్యుత్ షాక్ ఇస్తే, తర్వాత షాక్ లేకపోయినా ఆ వాసనకు దూరంగా ఉంటాయని విలియం క్విన్, విలియం హ్యారిస్, బెంజర్ 1974లో చూపించారు. వాసన తెలుస్తూ, షాక్ తెలుస్తూ, ఆ రెంటినీ కలిపి గుర్తుంచుకోలేని ఈగ 1976లో దొరికింది. దానికి మందబుద్ధి అన్న అర్థం వచ్చేలా డన్స్ అని పేరు పెట్టారు. ఆ జన్యువు నాడీకణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తుందని తర్వాత తెలిసింది. సముద్రపు నత్తల మీద పనిచేసిన ఎరిక్ కాండెల్ కూడా పూర్తిగా వేరే దారిలో ఇదే అణువు దగ్గరికి చేరుకున్నారు. ఈగ నుంచి ఒకరు, నత్త నుంచి ఒకరు ఒకే చోట కలవడంతో జ్ఞాపకానికి ఒక రసాయన ఆధారం ఉందన్న నమ్మకం బలపడింది.

లోపం కంటిలో ఉందో మెదడులో ఉందో ఎలా చెప్పగలిగారు?

యోషికి హొట్టాతో కలిసి ఆయన మొజాయిక్ ఈగలను వాడారు. వీటి శరీరంలో కొంత భాగం ఉత్పరివర్తిత కణాలతో, మిగతాది మామూలు కణాలతో ఉంటుంది. ఏ భాగం మారినప్పుడు ప్రవర్తన మారుతోందో అనేక ఈగల్లో లెక్కిస్తే, ఆ ప్రవర్తనకు మూలమైన చోటు ఎక్కడుందో తెలుస్తుంది.

ఆయనకు భారతదేశంతో ఏమైనా సంబంధం ఉందా?

చాలా గట్టి సంబంధం ఉంది. ఉత్తరప్రదేశ్‌లోని బస్తీలో 1932లో పుట్టి, అలీగఢ్‌లో చదివి, గ్లాస్గోలో జన్యు శాస్త్రవేత్త పాంటెకొర్వో దగ్గర డాక్టరేట్ చేసిన ఒబైద్ సిద్దిఖీ, హోమీ భాభా ఆహ్వానంపై 1962లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థలో అణు జీవశాస్త్ర విభాగాన్ని ప్రారంభించారు. 1970లలో కాల్‌టెక్‌లో బెంజర్‌తో కలిసి, వేడి పెరిగితే చచ్చుబడి పడిపోయి, చల్లబడగానే లేచి నడిచే ఈగలను పరిశోధించారు. వాటి నాడులలో విద్యుత్ సంకేతాల ప్రసారం వేడికి దెబ్బతింటోందని ఇద్దరూ కలిసి 1976లో ప్రచురించారు. అటువంటి జన్యువుల్లో ఒకటైన పారా, సోడియం మార్గాన్ని, అంటే నాడీకణంలోకి సోడియం ప్రవేశించే ద్వారాన్ని, ఏర్పరిచే ప్రొటీనుకు సంబంధించినదని తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చాక సిద్దిఖీ వాసన, రుచి తెలియని ఈగల వైపు మళ్ళారు. కెన్యాలో గోవా కుటుంబంలో పుట్టిన వెరోనికా రోడ్రిగ్స్, డబ్లిన్‌లో చదువుతుండగా ఆయన పరిశోధనా పత్రం చదివి, ఉత్తరం రాసి, బొంబాయికి వచ్చి ఆయన దగ్గర చేరారు. వాసన గ్రహించే నాడీవ్యవస్థ మీద ఆమె చేసిన పనికి అంతర్జాతీయంగా గౌరవం దక్కింది. బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రానికి సిద్దిఖీయే తొలి సంచాలకులు. 2006లో పద్మవిభూషణ్ అందుకున్న ఆయన 2013లో మరణించారు. ఒక పత్రం చదివి ఉత్తరం రాసిన విద్యార్థిని జీవితం ఎలా మారిందో మన ఆడపిల్లలకు చెప్పదగిన కథ అని నా నమ్మకం.

"కోపం మా వంశంలోనే ఉంది", "ఆ పని వాళ్ళ రక్తంలోనే ఉంది" అంటారు కదా. బెంజర్ పని దీన్నే రుజువు చేసిందా?

ఈ ప్రశ్నే అన్నింటికన్నా ఎక్కువగా వస్తుంది, దీనికి జవాబు తప్పుగా అర్థమైతే హాని కూడా ఎక్కువే. అందుకే మన జిల్లాలో కళ్ళారా చూసినదాని నుంచే మొదలుపెడతాను.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో ఒకే ఇంట్లో తాతకు నడుము వంగిపోయి, తండ్రికి కీళ్ళు బిగుసుకుపోయి, మనవడికి కాళ్ళు వంకరపోయి ఉండటం ఒకప్పుడు సర్వసాధారణం. మూడు తరాల్లో వరుసగా కనిపించేది వంశపారంపర్యమేనని, విషయం తెలియని వాడు ప్రమాణం చేసి మరీ చెప్పగలడు. అసలు కారణం బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్. ఇక్కడి గ్రానైట్ రాళ్ళ నుంచి అది భూగర్భజలంలోకి కరుగుతుంది, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితిని మించిన నీళ్ళను ఆ ఇంటిల్లిపాదీ ఏళ్ళ తరబడి తాగారు. ఆ కుటుంబంలో తరం నుంచి తరానికి చేరింది జన్యువు కాదు, అదే బోరు, అదే బిందె. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధనా సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని రూపొందించి దానికి నల్లగొండ పద్ధతి అని మన ఊరి పేరే పెట్టింది. నల్లాల్లో కృష్ణా నీళ్ళు వచ్చాక కొత్త పిల్లల్లో ఆ బాధ తగ్గుముఖం పట్టింది. జన్యువులు మారలేదు, నీళ్ళు మారాయి.

ఎముకల విషయంలోనే ఇంత పొరపాటుకు అవకాశం ఉంటే, కోపం, చదువు, తాగుడు వంటి వాటి విషయంలో ఎంత ఉంటుందో ఊహించండి. కుటుంబంలో పోలిక కనిపించినంత మాత్రాన జన్యువే కారణమని చెప్పలేం. ఎందుకంటే కుటుంబం జన్యువులతోపాటు ఇల్లు, తిండి, అప్పు, భయం, మాట తీరు అన్నీ పంచుకుంటుంది. ఈ ముడిని విప్పలేకనే శాస్త్రం చాలాకాలం అక్కడే నిలిచిపోయింది. బెంజర్ చేసిన పని విలువ ఇక్కడే తెలుస్తుంది. ఒకే సీసా, ఒకే తిండి, ఒకే వెలుగు, ఒకే వయసు ఉంచి, ఒక్క జన్యువును మాత్రమే మార్చి, తేడా వచ్చిందా లేదా అని ఆయన చూశారు. మనుషుల మీద అటువంటి ప్రయోగం చేయడం సాధ్యమూ కాదు, న్యాయమూ కాదు.

మనుషుల ప్రవర్తనలో జన్యువులకు పాత్ర లేదని దీని అర్థం కాదు. కవలల అధ్యయనాలు ఆ పాత్ర ఉందనే చెబుతున్నాయి. అయితే ఎక్కువ లక్షణాల వెనుక వందలు, వేల జన్యువులు ఒక్కొక్కటీ రవ్వంత ప్రభావంతో పనిచేస్తాయి. నిద్రవేళ జన్యువు వంటి ఒంటరి ఉదాహరణలు అరుదు. అనువంశికత శాతం అన్నది కూడా ఒక జనసమూహంలోని తేడాలకు సంబంధించిన కొలత తప్ప, ఒక మనిషిలో ఎంత భాగం జన్యువు వల్ల వచ్చిందో చెప్పేది కాదు.

పాలమూరు బిడ్డలు దేశమంతటా తిరిగి ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోశారు. ఆ కష్టం వాళ్ళ రక్తంలోనే ఉందని మెచ్చుకోలుగా అనేవారు కూడా ఉన్నారు. వానలు లేక, సాగునీరు లేక, ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీర్చడానికి మేస్త్రీల వెంట వెళ్ళిన జనం వాళ్ళు. కరువు చేసిన పనిని జన్యువు ఖాతాలో వేయడం శాస్త్రం కాదు, ఆ మాటకు బెంజర్ పేరును ఆధారంగా చూపడం ఆయన పనికి అన్యాయం.

ఆయనకు నోబెల్ బహుమతి ఎందుకు రాలేదు?

కారణాలు ఊహించడం అనవసరం. లాస్కర్, వుల్ఫ్, క్రాఫోర్డ్ బహుమతులు ఆయనకు దక్కాయి. గడియారపు జన్యువు పనికి హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చేనాటికి బెంజర్, కొనోప్కా ఇద్దరూ జీవించి లేరు. మరణించినవారిని ఆ బహుమతికి ఎంపిక చేయరు.

మా కళాశాలలో ఇలాంటి ప్రయోగం చేయవచ్చా?

నిస్సందేహంగా చేయవచ్చు. ఈగల తిండికి ఒక లీటరు నీళ్ళలో 100 గ్రాముల బొంబాయి రవ్వ, 100 గ్రాముల బెల్లం, 10 గ్రాముల అగర్ వేసి ఉడికించి, దించాక బూజు పట్టకుండా 7.5 మిల్లీలీటర్ల ప్రొపియోనిక్ ఆమ్లం కలిపి సీసాల్లో పోయాలి. చల్లారి గట్టిపడ్డాక పైన కొద్దిగా ఈస్ట్ చల్లాలి. ఆమ్లం ఘాటుగా ఉంటుంది, గాలి ఆడే చోట చేతి తొడుగులతో అధ్యాపకులే కలపడం మంచిది. ముగ్గిన అరటిపండు ముక్క వేసిన సీసాను కిటికీలో పెడితే స్థానికమైన ఈగలు వస్తాయి కానీ వాటిలో పలు జాతులు కలిసి ఉంటాయి. స్వచ్ఛమైన రకాలు, తెల్లకన్ను వంటి ఉత్పరివర్తిత రకాలు కావాలంటే మైసూరు విశ్వవిద్యాలయంలోని డ్రోసోఫిలా కేంద్రాన్ని కళాశాల తరఫున సంప్రదించాలి.

పారదర్శకమైన నాళికలు రెండింటిని మూతులు కలిపి అతికించి, ఒక చివర నల్ల కాగితం చుట్టి, తట్టి, పడుకోబెట్టి, వెలుగు వైపు చేరినవాటిని లెక్కించండి. దీపం వేడి ఈగలను తరమకుండా ఎల్ఈడీ వాడండి. వెలుగు దిక్కు మార్చి మళ్ళీ లెక్కించడం మరవకండి.

మన దగ్గర ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. సుమారు 30 డిగ్రీల దగ్గరే మగ ఈగలు సంతాన శక్తిని కోల్పోతాయి. నల్లగొండలో ఏప్రిల్, మే నెలల ఎండకు ప్రయోగశాలలోని సీసాలన్నీ ఖాళీ అవుతాయి. తడి గుడ్డ చుట్టిన మట్టి తొట్టిలో ఉంచితే కొంత ఊరట ఉంటుంది. అసలు మాత్రం సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి లోపే ప్రాజెక్టు ముగించుకోవడం క్షేమం.

ఈ రంగంలోకి రావాలంటే ఏం చదవాలి?

డిగ్రీలో జంతుశాస్త్రమో, జన్యుశాస్త్రమో, బయోటెక్నాలజీయో ఏదైనా సరే. లెక్కలంటే భయం లేకుండా చూసుకోవాలి, ఎందుకంటే ఇందులో సగం పని సంభావ్యత, గణాంకాలే. పీజీకి హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఉస్మానియా, మన పక్కనే ఉన్న పాలమూరు, మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయాలను పరిశీలించవచ్చు, అయితే ఏ కోర్సు ఎక్కడ ఉందో ఆ ఏటి ప్రకటన చూసి నిర్ధారించుకోవాలి. పరిశోధనకు బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం, ముంబైలోని టాటా సంస్థ, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఉన్నాయి. సీఎస్ఐఆర్ నెట్ వంటి జాతీయ పరీక్షల ద్వారా ప్రవేశించిన వారికి ఫెలోషిప్ లభిస్తుంది. భారత విజ్ఞానశాస్త్ర అకాడమీలు మూడూ కలిసి ఏటా డిగ్రీ, పీజీ విద్యార్థులకు వేసవి పరిశోధనా ఫెలోషిప్‌లు ఇస్తాయి. దరఖాస్తుకు అధ్యాపకుల సిఫారసు లేఖ కావాలి కనుక, చివరి రోజు దాకా ఆగకుండా ముందుగానే మీ సార్‌నో మేడమ్‌నో కలిసి, ఏ ప్రశ్న మీద పని చేయాలనుకుంటున్నారో ఒక పేజీలో తెలుగులోనైనా రాసి చూపించండి.